యాభైమూడు గారు

మహబూబ్ గారిని మీరు ఏమైనా అడగండి, జవాబు మాత్రం పద్ధెనిమిది వందల యాభైమూడులో మొదలవుతుంది.

"టైమెంతయ్యిందండీ?" అంటే చాలు. "మన టైముకేం గానీండి, ఈ దేశంలో మొట్టమొదటి రైలు ఎన్నింటికి కదిలిందో తమరికి తెలుసా? పద్ధెనిమిది వందల యాభైమూడు, ఏప్రిల్ పదహారు, శనివారం. మధ్యాహ్నం మూడు ముప్పయ్యయిదు. బోరీబందర్ నుంచి థానేకి. పద్నాలుగు పెట్టెలు, నాలుగొందల మంది జనం, మూడు ఇంజన్లు. వాటి పేర్లు సాహిబ్, సింధ్, సుల్తాన్. ఇరవై ఒక్క ఫిరంగులు పేల్చారండి!" ఆ ఫిరంగులన్నీ పేలేసరికి, టైమడిగిన మనిషి ఎక్కవలసిన బస్సు పెదపాడు చేరిపోయి ఉంటుంది.

అందుకే ఏలూరు స్టేషన్ చుట్టుపక్కల మహబూబ్ గారంటే ఎవరికీ తెలియదు. యాభైమూడు గారంటే ఆటోవాళ్ళ దగ్గర్నుంచి పూలమ్మే ఆవిడ దాకా వేలు పెట్టి చూపిస్తారు. చూపించి, వెంటనే పక్కకి తప్పుకుంటారు కూడా.

ఒక వేసవి మధ్యాహ్నం స్టేషన్ రోడ్డంతా కరెంటు పోయింది. టీకొట్టు చిట్టిబాబు చెమట తుడుచుకుంటూ, ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు, "కరెంటెప్పుడొస్తుందో ఏంటో!" అన్నాడు. మహబూబ్ గారు గ్లాసు కింద పెట్టి, "అదెప్పుడో వచ్చేసింది కదండీ. పంతొమ్మిది వందల ఇరవయ్యయిదు, ఫిబ్రవరి మూడు. బొంబాయి నుంచి కుర్లాకి మొదటి కరెంటు రైలు" అన్నారు. ఆ రోజు చిట్టిబాబు పాలు విరిగిపోయాయి. ఎండకి విరిగాయని అందరూ అన్నారు గానీ చిట్టిబాబు అభిప్రాయం వేరు.

ఇదే చిట్టిబాబు తన మేనకోడలి సంబంధం మాట్లాడడానికి ఆయన్ని పెద్దమనిషిగా పెదపాడు తీసుకెళ్ళాడు. పెళ్ళికొడుకు తండ్రి మీసం సవరించుకుని, "మాది పెద్ద కుటుంబమండీ. పండగొస్తే నలభై విస్తళ్ళు లేస్తాయి" అన్నాడు.

"నలభయ్యా!" అని మహబూబ్ గారు జాలిపడ్డారు. "రైల్వేది పన్నెండు లక్షల కుటుంబమండి. రోజుకి రెండు కోట్ల మంది చుట్టాలొచ్చి పోతుంటారు. ఒక్కనాడైనా గొప్ప చెప్పుకుందా?"

సంబంధమైతే కుదిరింది. ఆ తర్వాత మాత్రం స్టేషన్ రోడ్డువాళ్ళు ఆయన్ని పెళ్ళిభోజనాలకే పిలిచారు, పెళ్ళిచూపులకి పిలవలేదు.

ఇంత రైలు పిచ్చి ఉన్న మనిషి రైల్వే ఉద్యోగా అంటే, కాదు. ఆయనది ఐసు పని. కొల్లేటి చేపలు రైల్లో హౌరా వెళ్ళే రోజుల్లో ఐసు దిమ్మల్ని దంచి, బుట్టల్లో చేపలకీ చేపలకీ మధ్య పొరలు పొరలుగా వేసి, పార్సిల్ పెట్టెలోకి ఎక్కించేవారు. తర్వాత చేపలు లారీలెక్కాయి. ఆయన పని ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయింది. ఆ అలవాటు పోక, దూరాల్ని ఇప్పటికీ ఐసుల్లోనే కొలుస్తారు. ఒక ఐసు అంటే బుట్టలోని ఐసు కరిగి మళ్ళీ వెయ్యాల్సివచ్చేంత దూరం. వైజాగ్ ముప్పావు ఐసు. హౌరా మూడైసులు. దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి దాకా నాలుగు వేల కిలోమీటర్లు దాటి పోయే బండి ఒకటుందని తెలిసిన రోజున ఆయన చాలాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టి, "పది ఐసులండి బాబూ! చేపలేం ఖర్మ, తిమింగిలమైనా నిలవదు" అని నిట్టూర్చారు.

అన్నిటికంటే విచిత్రం, ఆయన రైలెక్కింది జీవితంలో ఒక్కసారే. అదీ పొరపాటున. పార్సిల్ పెట్టెలో ఐసు సర్దుతుండగా బండి కదిలిపోయి, తాడేపల్లిగూడెంలో తేలారు. అక్కణ్ణుంచి తడిసిన లుంగీతో బస్సులో తిరిగొచ్చారు. అరవయ్యెనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు రైలుదారీ, ఏడు వేల పైచిలుకు స్టేషన్లూ నోటిమీద ఉన్న మనిషి, తాడేపల్లిగూడెం దాటి అవతల ఏముందో చూడలేదు.

ఈ యాభైమూడు గారు లక్ష్మీప్రసన్న ప్రాణానికి జోరీగలా దాపురించారు.

ప్రసన్నది పార్వతీపురం. ఏలూరు స్టేషన్ ఎంక్వైరీ కిటికీలో మొదటి ఉద్యోగం. పవర్‌పేటలో మేడమీద ఒక్క గది, గదిలో ఒక్క కుర్చీ, ఒక్క కంచం. ఎంక్వైరీలో కూర్చున్న మనిషితో రోజుకి ఐదొందల మంది మాట్లాడతారు. ఒక్కరూ ఎలా ఉన్నారని అడగరు. ఎన్నో ప్లాట్‌ఫారం, ఎంత లేటు, అంతే. ఆ అమ్మాయి గొంతు ఏలూరంతటికీ తెలుసు, పేరు మాత్రం ఇంటి ఓనరుకి తప్ప ఎవరికీ తెలియదు. వచ్చిన కొత్తలో గదికి తిరిగివెళ్ళాక కూడా ఆమెకి నోటి నుంచి మాట వచ్చేది కాదు, ఎవరైనా అడిగితేనే చెప్పడం అలవాటైపోయి.

అలాంటి కిటికీ ముందుకి మహబూబ్ గారు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి, సరిగ్గా ఆమె కేరేజీ మూత తీసే వేళకి తయారయ్యేవారు. చేతిలో ఆ పూట ప్లాట్‌ఫారం టికెట్టు. రెండు గంటలే చెల్లుతుంది గనుక సాయంత్రానికి ఇంకొకటి కొంటారు. నిబంధనల విషయంలో ఆయన్ని తప్పుపట్టగల టీసీ ఇంకా పుట్టలేదు.

"అమ్మాయిగారూ, తమరికో సంగతి తెలుసా?"

"తెలుసండి. యాభైమూడు."

"అది కాదండి. పంతొమ్మిది వందల తొమ్మిదిలో ఒక బెంగాలీ బాబు పనసపండు తిని రైలెక్కాడు. కడుపు ఉబ్బిపోయింది. పెట్టెలో మరుగుదొడ్డి లేదు. స్టేషన్లో దిగి అటు వెళ్ళాడు, గార్డు ఈల ఊదేశాడు. బాబు ఒక చేత్తో చెంబూ ఒక చేత్తో పంచె పట్టుకుని…"

"అన్నం తింటున్నానండి!"

"తినండి తినండి. పడిపోయాడండి పాపం, అందరి ముందూ. కోపమొచ్చి పైవాళ్ళకి ఉత్తరం రాశాడు. పెట్టెల్లో దొడ్లు అప్పుడొచ్చాయంటారు. ఒక్క పనసపండు!"

ప్రసన్న పళ్ళు కొరుకుతూ గబగబా తినేసి, మూత పెట్టేసి, కిటికీ తలుపు సగం వేసేసేది. ఆయన నొచ్చుకునేవారు కాదు. "రేపు గోదావరి వంతెన గురించి చెబుతానండి" అని హామీ ఇచ్చి మరీ వెళ్ళేవారు.

అందుకే ఒక సోమవారం స్టేషన్ మేనేజరు గారు పిలిచి, "ఏమ్మా, ఆ యాభైమూడాయన మీద మూడు నెలల్లో ఏడు ఫిర్యాదులొచ్చాయి. మీరు రోజూ చూస్తున్నారు కదా, శనివారంలోగా ఒక రిపోర్టు రాసివ్వండి. ప్రయాణికులకి ఇబ్బందిగా ఉందని మీరు రాస్తే ఇక ఆయన్ని ప్లాట్‌ఫారం మీదకి రానివ్వం" అన్నప్పుడు, ప్రసన్నకి ఆరు నెలల్లో మొదటిసారి ఎవరో తన బాగోగులు అడిగినట్టనిపించింది.

"శనివారం దాకా ఎందుకండీ, రేపే ఇస్తాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం బండి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. స్టేషన్ ఖాళీ అయినప్పుడు అదొక రకంగా ఉంటుంది. నిమిషం క్రితం దాకా వంద మంది అరిచిన చోట కుక్క ఒకటి పడుకుని ఉంటుంది. ప్రసన్న ఫిర్యాదుల పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

మొదటిది వెంకటసాయి అనే కుర్రాడిది. హాస్టల్‌కి మొదటిసారి వెళుతున్నాడట. "నేను ఒక్కడినే కూర్చుని ఉండగా ఒక పెద్దాయన వచ్చి ఫిరంగుల గురించి నలభై నిమిషాలు చెప్పారు. అమ్మకి ఫోన్ చేసుకోనివ్వలేదు." రెండోది సిల్వియా, నర్సు. కేరళలో కొత్త ఉద్యోగానికి పోతోంది. "నేను ఒక్కదాన్నే కూర్చుని ఉండగా నా ఊరు ఎన్ని ఐసులో లెక్క వేశారు. నేను చేపని కాదు." ప్రసన్నకి నవ్వొచ్చింది. మూడోది ఫణీంద్ర, తండ్రి కర్మకాండలకి వెళుతున్న మనిషి. "నేను ఒక్కడినే కూర్చుని ఉండగా పనసపండు…"

నవ్వు ఆగిపోయింది. నాలుగోది తిప్పింది, ఐదోది తిప్పింది. ఏడు ఫిర్యాదులు ఏడు చేతిరాతల్లో ఉన్నాయి. ఏడూ ఒక్క మాటతోనే మొదలయ్యాయి.

ఆ రోజు రిపోర్టు ఇవ్వలేదు. బుధవారం, గురువారం, శుక్రవారం కిటికీ లోంచి ఆయన్నే చూస్తూ కూర్చుంది. పదిమంది చుట్టాలు సాగనంపడానికొచ్చిన కుటుంబం ఉంటే మహబూబ్ గారు అటు చూడను కూడా చూడరు. కైకలూరు నుంచొచ్చిన రొయ్యల వ్యాపారులు నలుగురు గట్టిగా నవ్వుకుంటుంటే వాళ్ళ ముందు నుంచే నడిచిపోయారు. చివరి బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలావిడ ఒక్కత్తే కూర్చుని ఉంది. ఆయన వెళ్ళి పక్కన చతికిలబడ్డారు. చేతులు గాల్లో లేచాయి. ప్రసన్నకి మాట వినబడకపోయినా ఫిరంగులని తెలిసిపోయింది. ముసలావిడ ముందు కళ్ళు తుడుచుకుంది, తర్వాత చెవులు మూసుకుంది, చివరికి బండి రాగానే ఆయన్ని తిట్టుకుంటూ, పరుగులాంటి నడకతో ఎక్కేసింది. కిటికీలో కూర్చుని కూడా తిడుతూనే ఉంది. మహబూబ్ గారు చెయ్యూపారు.

శుక్రవారం ఒంటిగంటకి ఆయన కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మాయిగారూ, గోదావరి మొదటి వంతెన పంతొమ్మిది వందల్లో…" అని మొదలుపెట్టేసరికి ప్రసన్న తలుపు తీసి బయటికొచ్చింది.

"మహబూబ్ గారూ, ఒంటరిగా ఉన్నవాళ్ళ దగ్గరికే వెళతారెందుకండీ మీరు?"

ఆయన దొంగతనం బయటపడ్డ మనిషిలా తడబడ్డారు. "ఎవరు చెప్పారండీ అలాగని?"

"ఫిర్యాదుల పుస్తకం చెప్పిందండి."

ఆయన చివరి బెంచీ దాకా నడిచి కూర్చున్నారు, ప్రసన్న వెంట వెళ్ళింది. యాభైమూడు లేకుండా ఆయన మాట మొదలుపెట్టడం ప్రసన్న అప్పుడే విన్నది.

"మా ఆవిడ సుగ్రాకి కడుపులో గడ్డ లేచిందండి. వైజాగ్ తీసుకెళ్ళమన్నారు. అక్కడ మా అక్క ఉండేది, దింపుకుంటానంది. కానీ ఇక్కడ ఎక్కించాలి కదండీ? ఆ రోజు హౌరా పార్సిలు నిండా చేపలే. బండి ఆగేది నాలుగు నిమిషాలు. నేను ఆ చివర పెట్టెలో మోకాళ్ళ దాకా ఐసులో ఉన్నాను. తను ఈ చివర ఈ బెంచీ మీద ఒక్కత్తే. బండి కదిలాక దూకి చూశాను. మొహం కూడా కనబళ్ళేదండి."

"అయ్యో. తర్వాత?"

"బాగుపడి వచ్చింది. చాలా భయపడ్డావా అని అడిగాను. 'భయపడదామనే అనుకున్నానండి, కుదరనిస్తేనా! ఎవరో మాయదారి మనిషి పక్కన చేరి రైళ్ళ గురించి ఒకటే వాగుడు. యాభైమూడంట, ఫిరంగులంట. ఆయన్ని తిట్టుకోవడంతోనే బండి తుని దాటేసింది' అంది. ఆ తర్వాత పద్ధెనిమిదేళ్ళు బతికిందండి మా సుగ్రా. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆయన్ని తల్చుకుని నవ్వేది." ఆయన కూడా నవ్వారు. "తను పోయాక ఆ మనిషి కోసం చాలా తిరిగానండి, దొరకలేదు. ఈ బెంచీ ఖాళీగా ఉంది, ఆ ఉద్యోగం ఖాళీగా ఉంది. నేను చేరిపోయాను."

"మరి ఈ తేదీలూ లెక్కలూ…"

"లైబ్రరీలో కూర్చుని బట్టీపట్టానండి. ఐసు దంచుకునేవాణ్ణి, నాకు బోరీబందర్ ఏం తెలుసు? ఓదార్చి చూశాను మొదట్లో. ఓదారిస్తే ఇంకా ఏడుస్తారండి. బెంగకి మందు విసుగే. మనిషికి ఒళ్ళు మండిందనుకోండి, ఏడుపుకి చోటుండదు."

"మరి నా దగ్గరికెందుకండీ రోజూ?" అంది ప్రసన్న.

"మీరొచ్చిన మొదటి రోజు కేరేజీ మూత తీశారు. చూశారు. మళ్ళీ మూసేశారు. రెండో రోజూ అంతే." ఆయన గడ్డం గోక్కున్నారు. "పనసపండు కథ చెప్పిన రోజున కోపంతో మొత్తం తినేశారండి."

శనివారం రిపోర్టు ఇలా వెళ్ళింది: "సదరు మహబూబ్ గారు ప్రతిరోజూ సరైన ప్లాట్‌ఫారం టికెట్టుతోనే వస్తున్నారు. ఆయన చెప్పే తేదీలను సరిచూశాను, తప్పులు లేవు. ఆయన వల్ల విసుగు కలుగుతున్న మాట వాస్తవం. ఆ విసుగు ప్రయాణికులకు అవసరమని నా అభిప్రాయం."

మేనేజరు గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి ప్రసన్న వంక చూశారు. ఆయనది కాకినాడ, కుటుంబం అక్కడే ఉంది. "పోయిన నెలలో నాకూ ఓ గంట చెప్పారమ్మా, గోదావరి వంతెన గురించి. నేనేదో దిగులుగా ఉన్నానప్పుడు" అని, సంతకం పెట్టేశారు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ శీతాకాలంలో మహబూబ్ గారి కుడికంట్లో పొర ముదిరిపోయింది. ఏలూరు డాక్టరు గారు వైజాగ్‌కి రాసిచ్చారు. అక్క కొడుకు ఖలీల్ అక్కడ స్టేషన్‌కి వచ్చి దింపుకుంటానన్నాడు. ఇక్కడ ఎక్కడం మాత్రం ఆయన ఒక్కరే ఎక్కాలి.

ఆ ఉదయం చిట్టిబాబు ఎంక్వైరీ కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఏవండీ ప్రసన్న గారూ! కొంప మునిగిందండి! యాభైమూడు గారు టీ తాగారండి."

"తాగితే?"

"టైమెంతయ్యిందని నేనే అడిగానండి, కావాలని. 'తొమ్మిదిం పావు' అన్నారు. అంతే! ఇంకేం అనలేదండి!"

ప్రసన్న పక్కవాళ్ళని రెండు నిమిషాలు కూర్చోమని, చివరి బెంచీ దగ్గరికి నడిచింది. మహబూబ్ గారు సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. బండి వచ్చే వైపు చూడడం లేదు.

ఆమె పక్కన కూర్చుంది. "మహబూబ్ గారూ, మన దేశంలో మొదటి రైలు యాభైనాలుగులో కదండీ నడిచింది?"

ఆయన తల తిప్పలేదు. "యాభైమూడండి" అన్నారు నీరసంగా.

"కాదండి, నేను చదివాను. యాభైనాలుగే. హౌరా నుంచి హుగ్లీకి."

"అది తర్వాతది!" ఆయన తల ఇటు తిరిగింది. "యాభైనాలుగు ఆగస్టు పదిహేను అండి అది! మొదటిది బోరీబందర్!"

"బోరీబందర్‌లో ఒకే ఇంజనంట కదా?"

"ఒకటా! మూడండి, మూడు! సాహిబ్, సింధ్, సుల్తాన్!"

"ఫిరంగులు పదకొండేనని…"

"ఎవడండీ రాసింది ఆ పుస్తకం!" మహబూబ్ గారు లేచి నిలబడ్డారు. సంచీ కింద పడింది. ప్రసన్న అందుకుంది. బండి వచ్చింది. ఆయన మెట్టెక్కుతూ ఒక ఫిరంగి, సీటు వెతుక్కుంటూ ఒక ఫిరంగి లెక్క చెప్పారు. కిటికీ కడ్డీల మధ్య నుంచి వేలు ఆడిస్తూ, "ఇంత చదువుకుని, ఎంక్వైరీలో కూర్చుని, పదకొండంటారేమండీ? జనం ఏమైపోవాలి?" అని కేకలేశారు.

"మరి థానే ఎన్ని ఐసులండీ?"

"ఐసెందుకండీ! ముప్పైనాలుగు కిలోమీటర్లకి ఐసెందుకు!" బండి కదిలింది. "రాస్తాను! వచ్చాక పుస్తకంలో రాస్తాను మీ మీద! యాభైమూడు! యాభై…మూడు!"

బండి చివరి పెట్టె వంపు తిరిగేదాకా ఆ చెయ్యి కిటికీ బయటే ఉంది. మూడు వేళ్ళు పైకి చూపిస్తూ.

పది రోజుల తర్వాత ఆయన నల్ల కళ్ళజోడుతో తిరిగొచ్చారు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం అడిగారు. పార్సిల్ బుట్టల మీద అడ్రసులు రాసినంత పెద్ద పెద్ద అక్షరాలతో ఒక పేజీ నింపి, చిట్టిబాబు కొట్టుకి టీకి వెళ్ళిపోయారు. ప్రసన్న పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"నేను ఒక్కడినే కూర్చుని ఉండగా ఎంక్వైరీ అమ్మాయిగారు వచ్చి, మొదటి రైలు గురించి అన్నీ తప్పులే చెప్పి, నన్ను తుని దాటేదాకా భయపడనివ్వలేదు. తగిన చర్య తీసుకోగలరు."

ఆ పక్కన తీసుకున్న చర్య అనే గడి ఖాళీగా ఉంది. ప్రసన్న కేరేజీ మూత తీసి, ఒక ముద్ద తిని, ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని రాసింది:

"1853 అని సరిదిద్దడమైనది."